కొల్లేటి లంకకు వచ్చిన కెప్టెన్

కొల్లేరు చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. తాడేపల్లిగూడెంలో పిల్లలకు భూగోళం చెబుతూ, పక్కనే ఉన్న సరస్సును పటంలో చూపించి ఊరుకోవడం బాగుండలేదు. క్రిస్మస్ సెలవుల్లో ఒకనాడు పొద్దుటి పాసింజరెక్కాను. ఏలూరులో తివాచీలు నేయించే సాయిబుగారొకరు నా పక్కన కూర్చున్నారు. "దిగగానే బండి మాట్లాడుకోండి మాస్టారూ, ఎండెక్కితే ఎవరూ కదలరండి," అన్నారు.

ఏలూరు స్టేషను బయట ఖాకీ దుస్తుల మనిషి ఒకాయన బండివాళ్ళతో ఇంగ్లీషులో అవస్థ పడుతున్నారు. నలభై ఏళ్ళుంటాయి. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఆయన వెళ్ళవలసిందీ కొల్లేటి నడుమనున్న ఒక లంకకే కాబట్టి ఇద్దరం ఒకే ఒంటెద్దు బండి ఎక్కాం.

ఆయనది కొడగు దేశం. వంతెనలు కట్టే పట్టాలంలో కెప్టెను. సెలవు దొరికితే హిమాలయాలెక్కుతారు. వేళ్ళు అక్కడి చలికే పోయాయట. మంచుగోడలో మెట్లు తవ్వుకుంటూ పోవడం, గుడారంలో గాలి తగ్గేదాకా పడుకోవడం గురించి నేను అడిగినకొద్దీ చెప్పారు. కొల్లేరెందుకని అడిగాను.

"దేవసహాయమని నా దగ్గర పనిచేసిన సిపాయి ఊరది. పోయిన వేసవిలో నాతో వచ్చి కొండ మీద చనిపోయాడు. ఇంటికి తంతి వెళ్ళింది గాని, ఎలా పోయాడో ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాలి. మీరు తెలుగులో చెప్పిపెడతారా?"

సరేనన్నాను.

"నా మాటను మెత్తబరచకండి," అన్నారు.

గట్టున అటుకులు, పెరుగు తిని తాటిదోనె ఎక్కాం. నీళ్ళు కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. గూడబాతులు గుంపులుగా వాలి ఉన్నాయి. నేను చూడాలనుకున్నవి అవే అయినా ఆ పూట వాటి మీద మనసు నిలవలేదు.

దేవసహాయం ఇల్లు లంక చివర ఒక తాటాకు గుడిసె. తండ్రి ఏసురత్నం వల బాగుచేసుకుంటున్నాడు. తల్లి మరియమ్మ చాప వేసింది. కెప్టెన్ గుమ్మం దగ్గరే ఆగి, టోపీ తీసి, కొంతసేపు అలాగే నిలబడ్డారు. తరువాత వంగి లోపలికి వచ్చి కూర్చున్నారు.

కూలీ ఒకడు మంచు పగులులో పడితే దేవసహాయం తాడు పట్టుకుని దిగి వాణ్ణి పైకి పంపాడు. తాను ఎక్కివచ్చేలోగా పైనుంచి మంచు విరిగిపడింది. కెప్టెన్ ఒక్కొక్క ముక్క చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను.

"ఆ రోజు బయల్దేరి ఉండకూడదు. ఎండకు మంచు వదులైందని నాకు తెలుసు. అయినా నడవమన్నది నేనే," అన్నారాయన.

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కెప్టెన్ నా వంక చూశారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఏసురత్నం చేతిలో వల కింద పెట్టేశాడు.

మరియమ్మ అడిగింది. "మా వాడు భయపడ్డాడా బాబుగారూ?"

"దిగేముందు భయపడ్డాడమ్మా. అయినా దిగాడు," అన్నారు కెప్టెన్ నా నోట.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పట్టాలంలోంచి పారిపోతుంటే కాల్చేశారని ఊళ్ళో అన్నారండి," అంది కాసేపటికి. "నాకూ ఆ అనుమానమే ఉండిపోయిందండి."

"మీరు మళ్ళీ ఎక్కుతారాండీ ఆ కొండ?" అన్నాడు ఏసురత్నం.

"ఎక్కనంటే అబద్ధమవుతుంది. ఎక్కుతాను."

ముసలాయన చాలాసేపు ఆయన మొహంలోకే చూశాడు. "అయితే ఈసారి తొందరపడకండి. మీ వెనకాల వచ్చేవాళ్ళకీ ఇళ్ళుంటాయండి," అన్నాడు.

నేనది ఇంగ్లీషులో చెప్పగానే కెప్టెన్ లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు.

మరియమ్మ అన్నం తినకుండా వెళ్ళనివ్వలేదు. వాళ్ళలాంటి వారింట నేనెప్పుడూ తినలేదు. ఆ రోజు కెప్టెన్ పక్కనే కూర్చుని కొర్రమీను పులుసుతో తిన్నాను.

సాయంత్రానికి ఏలూరు చేరాం. మద్రాసు బండి ముందు వచ్చింది. ఆయన ఎడమచెయ్యి ఊపి వెళ్ళిపోయారు. నా బండి ఆలస్యంగా వచ్చింది. కొల్లేరు వెళ్ళేవారు ఈ రోజుల్లోనే వెళ్ళండి. పక్షులు బాగా ఉన్నాయి, దోనెలకు కొదవ లేదు.

హిమాలయాలు నేను చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. అంత ఎత్తు ఎక్కడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలియదు. ఆ గుడిసె గుమ్మం దాటడానికి ఆయనకెంత కావలసివచ్చిందో మాత్రం పక్కనే నిలబడి చూశాను.