పాముకాటు పేజీలో నేను రాసిన మాట

మా తమ్ముణ్ణి పాము కరిస్తే నేనే బతికించానని ఊళ్లో అంటారు. అది అబద్ధం.

పత్తి చేనులోంచి మోసుకొచ్చి, మిర్యాలగూడ నుంచి సూర్యాపేట పోయే బస్సెక్కించాను. కాటు దగ్గర కోయాలని బ్లేడు తీశాను. ఎదురు సీట్లోని ఒకామె నా మణికట్టు పట్టుకుంది.

"కొయ్యొద్దన్నా. నేను డాక్టర్ని. కాలు కదలనియ్యకు, దవాఖానకే పోదాం."

"జరుగమ్మా! ఇంటర్నెట్ల పాముకాటు పేజీల గిట్లనే రాసుంది."

"ఆ పేజీల తప్పుంది. నేను రెండుసార్లు దిద్దిన. ఎవడో మల్ల అదే పెడ్తుండు. వాడు ఎందర్ని సంపుతడో!"

ఆమె చెంప పగలగొట్టాను. పెదవి చిట్లినా పట్టు వదల్లేదు. పెనుగులాటలో బ్లేడు ఆమె అరచేతిని చీల్చింది. నెత్తురు తమ్ముడి కాలి మీద కారింది. జనం నన్ను లాగి, కిందపడేసి తొక్కారు.

సూర్యాపేట దవాఖానలో విరుగుడు మందు ఎక్కించారు. తమ్ముడు బతికాడు.

ఆ పేజీ ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలోది. మా నాయన పాముకాటుకు చేసే పద్ధతే వైద్యమనుకుని, గాటు పెట్టాలని అందులో రాసింది నేనే. ఆమె తీసేసిన రెండుసార్లూ తిరిగి పెట్టిందీ నేనే.

వారం తర్వాత పేజీ తెరిచాను. "గాటు పెట్టకూడదు" అని ఉంది. కుట్లు మానని చేత్తోనే ఆమె మూడోసారి దిద్దినట్టుంది. నేనిక దాన్ని ముట్టుకోలేదు.