కెమెరా వైపు చూసినవాడు

ఆస్ట్రేలియాకి నేను చదువుకోడానికి రాలేదు. తొమ్మిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరితో ఒకరం విసిగిపోయాం. చదివేది మా ఆవిడ. ఆవిడ వీసా కొంగు పట్టుకుని మెల్‌బోర్న్‌లో దిగాను. క్లేటన్‌లో మా అద్దింట్లో పక్క గది తణుకు కుర్రాడిది. యూనివర్సిటీకి వెళ్తూనే బండిమీద తిండి పార్సిళ్లు అందించేవాడు. నాకన్నా పొడుగు, నన్ను బావా అనేవాడు.

ఓ చలికాలం తమిళ సినిమావాళ్లు షూటింగ్‌కి వచ్చారు. సగం ప్రేమ, సగం తన్నులు. ట్రామ్ స్టాప్ దగ్గర హీరో పదిమందిని గాల్లోకి లేపుతుంటే వెనక నిలబడ్డానికి జనం కావాలన్నారు. ఇద్దరం వెళ్లాం. కెమెరా వైపు ఎవరూ చూడొద్దని అసిస్టెంట్ డైరెక్టరు గొంతు పోయేలా అరిచాడు.

"ఒరేయ్, చూడకపోతే మీ అమ్మ నిన్నెలా పోల్చుకుంటుంది? తిన్నగా చూసి చెయ్యూపు," అన్నాను.

"తిడతారేమో బావా."

"తిడితే తమిళంలోనే కదా, నీకేం అర్థమవుద్ది?"

ఊపాడు. ఆ సాయంత్రమే వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాడు కూడా. నాలుగు నెలలకి, వానలో పార్సిల్ ఇవ్వబోతూ లారీ కింద పడి చనిపోయాడు.

సినిమా వచ్చేసరికి మరో ఏడాది. జనం చీల్చి చెండాడారు. ప్రేమ చూసి నవ్వారు, ఫైటింగులొస్తే నిద్రపోయారు. తణుకులో తెలుగు డబ్బింగు మూడో రోజుకే ఎత్తేశారు. అల్లుడు ఆదివారం తీసుకెళ్తానన్నాడని వాళ్లమ్మ ఆగింది, ఆదివారానికి సినిమా లేదు. నాకు ఫోన్ చేసింది.

"నువ్వయినా చూసిరా బాబూ. మావాడు ఎక్కడొస్తాడో చెప్పు. ఇంట్లో టీవీలోకి వచ్చాక అక్కడ ఆపుకుని చూసుకుంటా."

మెల్‌బోర్న్‌లో ఇంకా ఆడుతోంది, ఆ వచ్చే శనివారం మధ్యాహ్నం ఆటకి వెళ్లాను. హాల్లో ఆరుగురం. ట్రామ్ స్టాప్ వచ్చింది. నేనున్నాను. కుడిపక్కకి తిరిగి ఏదో అంటున్నాను, పళ్లికిలిస్తున్నాను. వాడు నిలబడ్డ కుడిపక్కన ఎవరూ లేరు. రోడ్డు, అంతే.

ముందు వరసలో ఓ తమిళ అంకుల్ పకపకా నవ్వి, "పైత్యం!" అన్నాడు నన్ను చూపించి, పిచ్చోడని.

కెమెరా వైపు చూశాడని కంప్యూటర్‌లో వాణ్ణి తుడిచేసి ఉంటారు. అంతవరకూ నా బుర్రకీ తట్టింది. కానీ చలికాలపు ఎండకి నా కాళ్ల దగ్గర్నుంచి రోడ్డు మీదకి రెండు నీడలు సాగి ఉన్నాయి. ఒకటి నాది. రెండోది చెయ్యూపుతోంది. 

కారు పార్కింగులో నిలబడి ఫోన్ చేశాను. 

"కనిపించాడా బాబూ?"

"తీసేశారమ్మా. కెమెరా వైపు చూశాడని తీసేశారు. చూడమన్నది నేనే."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడయింది.

"నీడ మాత్రం ఉంది," అన్నాను.

"ఎంత పొడుగుంది?"

"నాదానికన్నా జానెడు ఎక్కువ."

"అయితే వాడే." ఊపిరి పీల్చుకుంది. "చెయ్యి దించాడా?"

"దించకముందే సీను మారిపోయిందమ్మా."

"ఇంకా ఊపుతూనే ఉన్నాడన్నమాట," అంది ఆవిడ. ఫోన్ పెట్టెయ్యలేదు.