ఒక నిమిషం వెతకాలి

కార్డిఫ్ తెలుగువాళ్ళలో కనకదుర్గ గురించి రెండు కథలు తిరుగుతుండేవి. మొగుడు దూరమయ్యాక మతి చెడి సముద్రంలో దూకుతోందన్నది మొదటిది. ఒంటరితనాన్ని జయించి ప్రకృతి ఒడిలో సాంత్వన పొందుతోందన్నది రెండోది. ఇది ఊళ్ళోని తెలుగు సంఘంవాళ్ళ ఉగాది సంచికలో తాబేలు బొమ్మతో సహా అచ్చయింది కూడా. రెండూ అబద్ధాలే, రెండోది కాస్త పెద్దది. ఏటా ఫిబ్రవరిలో ఆమె కరీబియన్ సముద్రంలోని టొబాగో దీవికి వెళ్ళి, వీపుకి గాలిసిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగేదన్న మాట మాత్రం నిజం. తాబేళ్ళ కోసం కాదు. పగడాలంటే ఆమెకి ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. సముద్రం తల్లి లాంటిదని ఎవరైనా అంటే, మా తల్లి ఇంత ఉప్పగా ఉండేది కాదనేది.

ఆమెది చీరాల. ఓడరేవు బీచికి ఎన్నిసార్లు వెళ్ళినా మడమలు దాటి నీళ్ళలో దిగింది లేదు. 1996లో రేడియాలజిస్టు భర్త రామకృష్ణారావు వెంట బ్రిటన్ వచ్చింది. బయోకెమిస్ట్రీ చదువుకుంది గనక కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గాజుపలకల మీద పరచడం పని. పిల్లలు కలగలేదు. 2006లో ఆయనకి గ్లాస్గోలో ఆరు నెలల పోస్టు వచ్చింది. ఆ ఆరు నెలలు ఇంకా పూర్తి కాలేదు. విడాకులు లేవు, గొడవ లేదు, ఇంకో ఆడమనిషి ఉన్నట్టు ఎవరూ చూడలేదు. దీపావళికీ ఆమె పుట్టినరోజుకీ ఫోన్ వచ్చేది.

"ఎలా ఉన్నావ్?"

"పర్లేదు. మీరు?"

"ఇక్కడా పర్లేదు."

ఆ తర్వాత రెండు ఊళ్ళ వానల సంగతి. అంతే.

ఈ 'పర్లేదు' అన్నది విచిత్రమైన మాట. పెసరట్టు అమోఘంగా ఉన్నా పర్లేదే, జ్వరం నూటమూడున్నా పర్లేదే. అడిగినవాడు ఇక వెళ్ళిపోవచ్చని అనుమతి ఇవ్వడమే దాని అసలు పని. దీన్ని మనవాళ్ళు ఓర్పు అని, సంస్కారం అని పొగుడుతారు. నాకు మాత్రం అది మూసిన తలుపులాగే కనిపిస్తుంది. కనకదుర్గ ఆ తలుపు వెనక పన్నెండేళ్ళున్నది.

డైవింగ్ సంగతి తలంటుతో మొదలైంది. ప్రతి శుక్రవారం ఆమె తడిజుట్టుతో ల్యాబ్‌కి వచ్చేది. తెల్లవాళ్ళకి శుక్రవారం తలంటు ఏం తెలుసు? ఈవిడ పొద్దున్నే లేచి ఈతకి వెళ్ళొస్తోంది కాబోలని ల్యాబ్ అంతా నమ్మింది. 2008 క్రిస్మస్‌కి, చీటీలు తీసి పేరు చెప్పకుండా కానుకలిచ్చుకునే వేడుకలో, ఎవరో పుణ్యాత్ములు ఆమెకి స్విమ్మింగ్ పూల్‌లో స్కూబా డైవింగ్ పాఠం వోచర్ ఇచ్చారు. ఇంత మంచి ఈతగత్తెకి అంతకన్నా తగిన కానుక ఏముంటుంది అని అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఈత రాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. చెప్పలేక, ఎనిమిది వారాలు గుట్టుగా వెళ్ళి ఈత నేర్చుకుని, ఆ తర్వాత ఆ పాఠానికి వెళ్ళింది.

పూల్ గట్టు మీద శిక్షకురాలు అందర్నీ నిలబెట్టి, ఒక్కొక్కరినీ మీ బడ్డీ ఎవరని అడిగింది. కనకదుర్గకి నవ్వాగలేదు. ఆమెకి తెలిసిన బడ్డీ చీరాల రైల్వే గేటు పక్కన గోలీసోడాలమ్మే బడ్డీకొట్టు ఒక్కటే. ఇక్కడ బడ్డీ అంటే నీళ్ళలో జతగా దిగే మనిషి. ఒంటరిగా ఎవరూ దిగకూడదు. జతమనిషి ప్రతి రెండు మూడు నిమిషాలకీ నీ వైపు తిరిగి, అద్దంలోంచి నీ కళ్ళలోకి చూసి, బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా చుట్టి 'బాగున్నావా' అని అడగాలి. బాగుంటే నువ్వూ సున్నా చుట్టాలి. బాగాలేకపోతే అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపి, ఎక్కడ బాగాలేదో వేలితో చూపాలి. జవాబు వచ్చేదాకా అడిగినవాళ్ళు కదలకూడదు. బడ్డీ కనబడకుండా పోతే ఒక్క నిమిషం చుట్టూ వెతకాలి, అప్పటికీ కనబడకపోతే పైకి తేలాలి.

ఆ పూట నీళ్ళలో ఏం నేర్చుకుందో ఆమెకి గుర్తులేదు. ఒక మనిషి తన ముఖంలోకి చూసి బాగున్నావా అని అడిగి తీరాలన్న నియమం ఈ లోకంలో ఒకచోట ఉందన్నది మాత్రం మనసులో నాటుకుంది. నేల మీద అలాంటి నియమం ఏదీ లేదు.

చెప్‌స్టో దగ్గర నీళ్ళు నిండిన పాత రాతిక్వారీలో, ఎముకలు కొరికే చలిలో, రెండేళ్ళు సాధన చేసింది. అక్కడికొచ్చే వాళ్ళంతా జంటలుగానో స్నేహితులుగానో వచ్చేవాళ్ళు. లెక్కలో ఎప్పుడూ మిగిలిపోయేది ఈమే. వారానికో కొత్త బడ్డీ దొరికేవాడు, బట్టలు మార్చుకోగానే పేరు మరిచిపోయేవాడు. అలాంటప్పుడు ఒక కరపత్రం కంటపడింది. టొబాగోలో 'సీ గ్రేప్ డైవర్స్' అనే చిన్న డైవ్ షాపు ఒంటరిగా వచ్చేవాళ్ళకి వారమంతా ఒకే బడ్డీని ఇస్తామని రాసింది. వారమంతా అన్న మాటని ఆమె రెండుసార్లు చదువుకుంది.

2011 ఫిబ్రవరిలో వెళ్ళింది. షాపువాళ్ళు ఆమెని ఎరోల్‌కి అప్పగించారు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, తన పడవ తనే తుడుచుకునే రకం. మొదటి డైవ్‌లో పది మీటర్ల లోతున ఎరోల్ తిరిగి సున్నా చుట్టాడు. కనకదుర్గ, బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పడానికి, చీరాలలో సరేనని చెప్పినట్టు తలని అటూ ఇటూ ఊపింది. ఎరోల్‌కి తెలిసిన భాషలో, నీళ్ళలో అలా ఊపడమంటే ఏదో తేడా ఉందని. చెవినొప్పా అని సైగ చేశాడు. కాదని ఆమె మళ్ళీ మర్యాదగా ఊపింది. వెంటనే ఎరోల్, పైకి పదండని బొటనవేలెత్తి, మొత్తం గుంపుని పైకి తీసుకొచ్చేశాడు. పడవలో ఇద్దరు మాంచెస్టర్ వాళ్ళు తమ డైవ్ పాడైందని ఆమెకి వినపడేటట్టే గొణిగారు. ఆమె ఎలాగో వివరించింది. ఎరోల్ విని, తువ్వాలు అందించి, "తల నాకొద్దు, చెయ్యి చూపించు" అన్నాడు.

అప్పటినుంచి ఎనిమిది ఫిబ్రవరులు. ఏటా పది డైవులు, ఒక్కోటి ముప్పావుగంట. ఏడాది మొత్తంలో ఏడున్నర గంటలన్నమాట. ఇక్కడ గొప్ప స్నేహం పుట్టిందని చెబితే చదవడానికి బాగుంటుంది గానీ, పుట్టలేదు. మధ్యాహ్నాలు ఎరోల్ తన బంధువులతో రేవు మీద కూర్చుని తినేవాడు. ఈమె పడవలోనే కూర్చుని, హార్లిక్స్ సీసాలో తెచ్చుకున్న మాగాయ బ్రెడ్డులో పెట్టుకుని తినేది. ఆయనకి పిల్లలెంతమందో ఆమె అడగలేదు. ఆమె ఎందుకు ఒక్కతే వస్తుందో ఆయనా అడగలేదు. నీళ్ళలోకి దిగాక మాత్రం రెండు నిమిషాలకోసారి ఠంచనుగా తిరిగేవాడు, చూసేవాడు, సున్నా చుట్టేవాడు. ఆమె చుట్టేది. తిరిగొచ్చాక మిగతా ఏడాదంతా ల్యాబు, ఫ్లాటు, డ్యూటీల రోటా, ఆదివారం ఇస్త్రీ. ఏడున్నర గంటలు అడిగించుకున్నదాంతో అవన్నీ నడిచేవి.

2018లో విమానంలోనే జలుబు పట్టింది. ఆ సంగతి షాపులో చెప్పలేదు. మూడో రోజు డైవ్‌లో ఆరు మీటర్ల దగ్గరే ఎడమ చెవి బిగుసుకుంది. ముక్కు మూసి ఊదినా వదల్లేదు. వెనక కొత్తగా పెళ్ళయిన జంటలు మూడున్నాయి. మాంచెస్టర్ వాళ్ళ గొణుగుడు ఏడేళ్ళ తర్వాత కూడా ఆమెకి వినపడుతూనే ఉంది. ఎరోల్ తిరిగి సున్నా చుట్టాడు. ఆమె సున్నా చుట్టింది. ఇంకో మూడు మీటర్లు దిగాక చెవిలో ఏదో తెగింది. పైదీ కిందదీ కలిసిపోయాయి, సముద్రం మొత్తం బట్టలుతికే మిషన్‌లా తిరిగింది. ఎరోల్ ఆమె భుజంపట్టీ గట్టిగా పట్టుకుని, కళ్ళలోంచి కళ్ళు తీయకుండా, మెల్లగా పైకి తెచ్చాడు.

పడవలో వాంతులు తగ్గాక ఆమె నోటికొచ్చిన మొదటి మాట "పర్లేదు". తెలుగులోనే వచ్చింది. అంటే ఏమిటని ఎరోల్ అడిగాడు. ఇంగ్లీషులో ఏమనాలో ఎంత ఆలోచించినా ఆమెకి తట్టలేదు.

ఎరోల్ అప్పుడు మాట్లాడాడు. "చెవి పోయినందుకు కాదు నా కోపం. నీ చేతిని నమ్మి నిన్ను కిందికి తీసుకెళ్ళాను. మళ్ళీ వస్తే నిజం చెప్పే చెయ్యితో రా. లేకపోతే ఇంకో షాపు చూసుకో."

ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఎవరూ ఆమెని అబద్ధం ఆడావనలేదు. అంత జాగ్రత్తగా ఎవరూ వినలేదు మరి.

దెబ్బ లోపలి చెవికి తగిలింది. వినికిడి చాలావరకు తిరిగొచ్చింది గానీ, కుక్కర్ విజిల్ వేయడానికి ముందు చేసే సన్నని రొద ఒకటి ఎడమవైపు స్థిరపడిపోయింది. 2019 జనవరిలో సీ గ్రేప్ నుంచి ఎప్పటిలాగే ఫారం వచ్చింది. చెవికి దెబ్బగానీ జబ్బుగానీ ఉన్నాయా? అవును, కాదు, రెండు గడులు. కాదులో టిక్కు పెడితే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఫిబ్రవరిలో ఎరోల్ మళ్ళీ తన వైపు తిరుగుతాడు. అవునులో పెడితే డైవింగ్ డాక్టర్ సంతకం కావాలి. ఆ ఫారం వంటింటి బల్ల మీద తొమ్మిది రోజులుంది. నిజం చెబితేనే రమ్మన్నాడు ఎరోల్. చెబితే పోగలదో లేదో తెలియదు. పదో రోజు అవునులో పెట్టింది.

స్వాన్సీలో ఉన్న డాక్టరమ్మ, తనూ డైవరే, ఆమెని కళ్ళు మూసుకుని, ఒక పాదం ముందు ఒకటి పెట్టి నిలబడమంది. కనకదుర్గ స్తంభంలా నిలబడింది. చెవిలో చూసింది, పొర బాగానే అతుక్కుందంది. రొదలాంటిది ఏమైనా ఉందా అని చివరగా, కాగితాలు సర్దుకుంటూ అడిగింది. కనకదుర్గ నోరు అప్పటికే సిద్ధంగా ఉంది. కానీ ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి ముందు లేచింది, అరచెయ్యి చాచుకుని, అటూ ఇటూ ఊగింది. తర్వాత చూపుడువేలు ఎడమ చెవిని చూపించింది.

డాక్టరమ్మ కాగితాలు కింద పెట్టేసింది. లోపలి చెవి మళ్ళీ దెబ్బతింటే నీళ్ళలోనే స్పృహ తప్పొచ్చని, తను సంతకం చేయలేనని, ఈ ఏడే కాదు, ఎప్పటికీ డైవింగ్ వద్దని నెమ్మదిగా చెప్పింది. కనకదుర్గ థాంక్స్ చెప్పి, రైలెక్కి ఇంటికొచ్చి, చెయ్యి ఊపిన సంగతితో సహా అంతా ఎరోల్‌కి మెయిల్ రాసింది. రెండు రోజులకి జవాబొచ్చింది. 'మంచి సిగ్నల్. నీ కాళ్ళ ఫిన్స్ ఇక్కడ మేకుకి ఉన్నాయి. ఎవరికైనా ఇవ్వనా?' ఇచ్చెయ్యమని రాసింది. ఫిబ్రవరి సెలవు అప్పటికే మంజూరై ఉంది. రెండు వారాలూ ఫ్లాట్‌లోనే గడిపింది. ఆ పద్నాలుగు రోజుల్లో ఆమెని బాగున్నారా అని అడిగింది సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయి మాత్రమే, అదీ తలెత్తకుండా.

ఏప్రిల్ మొదటి శనివారం ఉగాది. ఒక స్కూలు హాల్లో సంఘంవాళ్ళ భోజనాలు. కార్యదర్శి ప్రఫుల్ల, ఊళ్ళో పేరున్న డాక్టరు, వంద మందిని ఒక్కతే మోస్తున్నట్టు నడుస్తుంది. చేతిలో గరిటెతో కనకదుర్గ పక్కనుంచి పోతూ పోతూ, "ఏం దుర్గ గారూ, ఈ ఏడు మీ సముద్రానికి వెళ్ళలేదంటగా? బానే ఉన్నారా?" అంది. ప్రశ్న పూర్తయ్యేసరికే రెండడుగులు ముందుకెళ్ళిపోయింది కూడా.

కనకదుర్గ ప్లేటు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడి అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపింది.

ప్రఫుల్ల ఆగింది. "అదేంటండీ, దోసె తిరగేస్తున్నారా?"

"బాలేదు" అంది కనకదుర్గ.

ఆ మాట ఆమె నోట ప్రఫుల్ల ఎప్పుడూ వినలేదు. రోజూ నలభై మందిని ఏమైందని అడిగే మనిషి గరిటెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఇంతలో సాంబారు అయిపోయిందని వంటింట్లోంచి కేక వినపడింది. "ఉండండి, ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది.

ఇప్పుడే వస్తా అంటే ఏమిటో తెలుగువాళ్ళందరికీ తెలుసు. బాస్కెట్‌బాల్ వల పైన గోడగడియారం ఉంది. కనకదుర్గ అటు చూసింది. ఒక నిమిషం వెతకాలి, కనబడకపోతే పైకి తేలాలి. పైకి అంటే ఇక్కడ కోటు వేసుకుని కార్ పార్కులోకి. నిమిషం అయింది. రెండో నిమిషంలో ఎవరో ఆమె ప్లేట్లో బొబ్బట్టు వేశారు. మూడో నిమిషంలో ఎవరో కవి మైకు అందుకుని ప్రవాస జీవితపు మాధుర్యం గురించి మొదలుపెట్టాడు. ఆమె కుర్చీ మీదున్న కోటు తీసి చేతి మీద వేసుకుంది. వేసుకుని, నిలబడే ఉంది.

ఏడో నిమిషంలో ప్రఫుల్ల వచ్చింది. చీర మీద సాంబారు మరక, చేతిలో అదే గరిటె. పక్కన ఇంకో కుర్చీ లాగి, దాన్ని కనకదుర్గకి ఎదురుగా తిప్పుకుని కూర్చుంది.

"ఏం బాలేదు?" అంది.

కనకదుర్గ ముందు చెవి చూపించింది. తర్వాత వేలు అక్కడినుంచి తీసి, ఇంకెక్కడ చూపించాలో తెలియక, కాసేపు గాల్లోనే ఉంచింది. ప్రఫుల్ల కదలకుండా కూర్చుంది.