ఎడమ చెవి

అమీర్‌పేటలో మా పై వాటాలో అద్దెకున్న సిరిసిల్ల పిల్ల మెట్లు దిగుతూ కూడా ముక్కు మూసుకుని లోపలికి ఊదుకునేది. సముద్రంలో లోతుకు దిగేవాళ్లు చెవులు అలా తెరుచుకోవాలట. కాలు ఒకచోట నిలిచేది కాదు.

అండమాన్‌లో బాగా అనుభవమున్న వాళ్లనే దింపే పగడాల దిబ్బ ఒకటుంది. నిరుడు డిసెంబరులో ఆమెకు ఆ అవకాశం వచ్చింది. తీరా ప్రయాణం నాటికి జలుబు చేసి ఎడమ చెవి తెరుచుకోలేదు.

“మాత్ర వేసుకుని వెళ్లకూడదా?” అన్నాను.

“నీళ్లల్ల దాని జోరు దిగితే చెవి పొర పగుల్తది, అమ్మమ్మా.” ఈత సామానంతా తన బీరువాలో పెట్టి తాళం నా చేతికిచ్చింది. “నేనడిగినా ఇయ్యకుండ్రి.”

గంటలోనే దిగివచ్చింది. “జర ఇయ్యుండ్రి, ఊకె చూసి పెడత.”

“ఏంటి చూసేది? వెళ్లి ఆవిరి పట్టు.”

మళ్లీ వచ్చి, చెవి తెరుచుకుందంది. ఊది చూపించమన్నాను. ఊది, చెవి పట్టుకుని పైకి వెళ్లిపోయింది.

విమానం నాలుగూ పదికి. నాలుగున్నరకు నేనే పైకి వెళ్లి తాళం ఇచ్చాను. గదిలో రెండు చుట్లు తిరిగి, దాన్ని మళ్లీ నా గుప్పిట్లో పెట్టింది.

“రేపు సుత ఒక ఫ్లైట్ ఉన్నది, అమ్మమ్మా.”