పొడుగాయన పాటకి నా వన్స్ మోర్

ఆ రోజుల్లో, అంటే చదువు కోసం బెర్లిన్ వచ్చిన కొత్తలో, నేను చలికీ పరీక్షలకీ కూడా అంత జంకలేదు గానీ చప్పుడంటే మాత్రం వణికిపోయేవాణ్ణి. ఆదివారం పూట ఈ దేశంలో గోడకి మేకు కొట్టకూడదు, ఖాళీ సీసాలు పారేయకూడదు, పొరపాటున వాషింగ్ మెషీన్ వేస్తే కింది వాటా ముసలావిడ చీపురు కర్రతో తన సీలింగుని పొడిచేది. (ఆ పొడుపులు విని ఆవిడ కోపం ఏ పాటిదో చెప్పగలిగే ప్రావీణ్యం నాకు మొదటి సెమిస్టర్లోనే వచ్చేసింది.) తెనాలి దగ్గర పల్లెటూళ్లో మైకుసెట్ల మధ్య పెరిగినవాణ్ణి, ఇక్కడ తుమ్మొస్తే మొహానికి దిండు అడ్డం పెట్టుకునేవాణ్ణి. అలాంటివాడికి దేవుడు ఏరి కోరి ఎలాంటి మనిషిని జత చేశాడో వినండి.

మా ఫ్లాట్లో ముగ్గురం. నేను, హైదరాబాద్ నుంచి వచ్చిన క్లాస్‌మేటు (అందరం భాయ్ అనేవాళ్లం), మాకంటే ముందునుంచీ అక్కడుంటున్న ఒక పాలస్తీనా అబ్బాయి. ప్రతి గుమ్మం దగ్గరా తల వంచి నడిచేవాడు కాబట్టి మాలో మేం అతన్ని పొడుగాయన అనుకునేవాళ్లం. పగలు సైకిళ్లు బాగుచేసే షాపులో పని, సాయంత్రం మా వంటింట్లో ర్యాప్. ఫోన్లో బీటు పెట్టి, ఫ్రిజ్‌కి ఆనుకుని, ఎదురుగా ఎవరుంటే వాళ్ల వైపు వేలు చూపిస్తూ అరబ్బీలో దంచేవాడు. ఎదురుగా ఉండేది ఎప్పుడూ నేనే. గిన్నెలు కడగనందుకు తిడుతున్నాడనుకుని, కొన్నాళ్లపాటు ఇంటిల్లిపాది గిన్నెలూ నేనే కడిగాను. చివరికి, చిన్నప్పుడు కాస్త అరబ్బీ చదువుకున్న భాయ్‌కి జాలేసింది. "అరే, నిన్ను తిడ్తలేడు రా. ఏదో ఊరి ముచ్చట చెప్తుండు. గీ అరబ్బీ నాకు సగమే సమజైతది గానీ, గిన్నెల మాట అయితే లేదు" అన్నాడు.

అప్పటినుంచీ నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పొడుగాయన ఒక్కో చరణమూ జర్మన్, ఇంగ్లీషు కలిపి విడమరిచి చెప్పేవాడు. ఆ పాటంతా వాళ్ల నానమ్మ పుట్టిన ఊరు. ఆమె చిన్నపిల్లగా ఉండగానే, 1948 యుద్ధంలో, ఆ ఊరిని ఖాళీ చేయించారు, తరవాత ఇళ్లన్నీ పడగొట్టారు. ఇప్పుడది ఏ మ్యాపులోనూ లేదు. ఆమె లెబనాన్‌లో శరణార్థుల క్యాంపులో పెరిగి, పెళ్లయి, ఆపైన బెర్లిన్ వచ్చింది. చిన్నప్పుడు తనని నిద్రపుచ్చుతూ ఆమె చెప్పిన వీధులూ, బావులూ, అంజూరపు చెట్లూ పొడుగాయన బీటులో పేర్చుకున్నాడు. మ్యాపులోంచి తీసేసినవాళ్లు జనం నోట్లోంచి తీసేయలేరు కదా అనేవాడు. (ఆ మాటన్న రోజు నా కళ్లలో నీళ్లు ఉల్లిపాయలవి కావు.)

అయితే ఆ నానమ్మకే ఈ పాట గిట్టేది కాదు. వాళ్ల భాషలో తేతా అంటే నానమ్మ, మేమూ అలాగే పిలిచేవాళ్లం. పాటంటే రాగం ఉండాలి, ఇది వీధిలో తగవులా ఉంది, మా ఊరి పేరు నేను గుసగుసగా చెబితే నువ్వు డప్పులేసి అరుస్తావా అని ఆమె బాధ. మనవడు ఎక్కడ పాడినా ఒక్కసారి కూడా వెళ్లలేదు. పొడుగాయనకి పేరూ అక్కర్లేదు, ఈలలూ అక్కర్లేదు, తేతా ఒక్కసారి కూర్చుని వింటే చాలు.

ఆ అవకాశం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. పోస్టర్ మీద పాలస్తీనా అన్న మాట చూడగానే, రాజకీయ గొడవలవుతాయన్న భయంతో హాలువాళ్ల గొంతు మారిపోయేది, ముందు ఒప్పుకున్నవాళ్లు ఏవో సాకులు చెప్పి తప్పుకున్నారు. చివరికి అరబ్బులు ఎక్కువగా ఉండే పేట నోయ్‌కోల్న్‌లో ఒక చిన్న హాలు దొరికింది. ఏ మాత్రం గొడవ జరిగినా కార్యక్రమం ఆపేస్తానని మేనేజరు ముందే చెప్పి, మైకు స్విచ్చు పక్కనే నిలబడ్డాడు. పొడుగాయన మా అందరినీ కిక్కురుమనకుండా కూర్చోమని బతిమాలుకున్నాడు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు కాబట్టి, బతిమాలగా బతిమాలగా వచ్చిన తేతా పక్కన నన్నే కూర్చోబెట్టాడు. ఆమె కోటు గుండీ ఒక్కటి కూడా తీయలేదు. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, వెళ్లే బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చుంది.

ఊరి పాట మొదలైంది. వీధి, పిండిమర, అంజూరపు చెట్టు, బావి, అన్నీ వచ్చాయి. చివర్లో బీటు ఆపేసి, ఊరి పేరు ఒక్కటే గుండెల్లోంచి లాగి వదిలాడు. అప్పుడు నాలో ఏం లేచిందో చెప్పాలంటే మా పెదనాన్న సంగతి చెప్పాలి. ఆయన నన్ను భుజాన ఎక్కించుకుని పద్యనాటకాలకి తీసుకెళ్లేవాడు. మా వైపు పద్యం రక్తి కడితే జనం వన్స్ మోర్ అని తీరాలి, అనకపోతే నటుణ్ణి అవమానించినట్టే. స్టేజీ మీద చచ్చిపడిన పాత్రధారి కూడా లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోయేవాడు. ఆ గాలి పీల్చి పెరిగిన నేను, బెర్లిన్ నగరంలో, ఆదివారం పూట, లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి "వన్స్ మోర్!" అని అరిచాను.

మేనేజరు చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది. భాయ్ నా చొక్కా పట్టి లాగుతూ, "కూసో రా, ఇద్దర్నీ ఇంటికి పంపిస్తరు" అన్నాడు. తేతా మెల్లగా నా వైపు తిరిగి, ఏమన్నావని జర్మన్‌లో అడిగింది. మళ్లీ పాడమన్నాను, బాగుంటే మా ఊళ్లో అలాగే అడుగుతాం అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, స్టేజీ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అంది. భాయ్ నా చెవిలో చెప్పాడు: "వాళ్ల పెళ్లిళ్లల గూడ మంచిగ పాడితె గిట్లనే అడిగెటోళ్లంట. మళ్లా పాడమంటుంది."

అంత పెద్దావిడ అడిగిందాన్ని గొడవ అనడానికి మేనేజరుకి నోరు రాలేదు. పొడుగాయన మళ్లీ అందుకున్నాడు. బావి దగ్గరికి రాగానే తేతా చెయ్యెత్తింది. బావి మసీదు పక్కన కాదట, పిండిమర వెనకట. మసీదు పక్కనుండేది వాళ్ల అత్త ఇల్లట. మైకు పట్టుకున్న ఆ ఆరున్నర అడుగుల మనిషి బళ్లో పిల్లాడిలా తలూపి, అక్కడికక్కడే బావిని జరిపి, అత్త ఇంటిని కట్టి, బీటులో ఇరికించాడు. తరవాత ఆమె అంజూరపు చెట్టుని కూడా జరిపించింది. జనం నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. నేనైతే దాచుకోకుండా ఏడ్చాను. బాగుందని తేతా ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. వెళ్లేముందు మనవడి చెంప తట్టి, "రేపు ఇంటికి రా. ఇంకా చాలామందిని వదిలేశావు" అంది.

తేతా ఇప్పుడు లేదు. ఆమె చెప్పినవాళ్లందరూ ఆ పాటలో ఉన్నారు. నేను మ్యూనిక్ పక్కనున్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, మీటింగుల్లో మైకు మ్యూట్‌లో పెట్టుకుని బతుకుతున్నాను. మొన్న పొడుగాయన పాడటానికి మ్యూనిక్ వచ్చాడు. పెద్ద హాలు, నిండా జనం. ఊరి పేరు దగ్గర బీటు ఆపి, జనంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూశాడు. నేను అటూ ఇటూ చూశాను. మా ఆఫీసువాళ్లు ఇద్దరు కనిపించారు. అందరితో పాటు మర్యాదగా చప్పట్లు కొట్టాను.

అయ్యాక బయట కలిసి, నా నెరిసిన జుట్టు మీద చెయ్యేసి, "ఏం, ఈసారి బాగాలేదా?" అన్నాడు.

"బాగుంది, చాలా బాగుంది" అన్నాను, పక్కవాళ్లకి వినపడకుండా.