నేమ్‌సర్వర్ ఆపిన వారం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అఫ్జల్‌గంజ్‌లోని ఒక వెబ్ హోస్టింగ్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఓనరు, నేను, అంతే. పాతబస్తీ వ్యాపారులవీ బడులవీ ముప్పై దాకా వెబ్‌సైట్లు మా ఒక్క సర్వర్ మీదే ఉండేవి. ఫలానా పేరున్న సైటు ఎక్కడుందని ఏ కంప్యూటర్ అడిగినా అడ్రసు చెప్పే నేమ్‌సర్వర్‌ని కూడా దాని మీదే పెట్టాను. పుస్తకం ముందేసుకుని, సెట్టింగుల్లో ఎక్కడో ఒక చుక్క మరిచిపోయి రెండు రోజులు తంటాలు పడ్డాను. అది మొదటిసారి సరిగ్గా జవాబిచ్చిన రోజు అమ్మకు చెప్పాలనిపించింది గానీ, ఏమని చెప్పాలో తెలియలేదు.

ఏడాది తిరిగేసరికి ఊరూపేరూ తెలియని కంప్యూటర్లన్నీ మావి కాని సైట్ల గురించి కూడా మా నేమ్‌సర్వర్‌నే ప్రశ్నలడగడం మొదలుపెట్టాయి. ఆ భారానికి సర్వర్ మాటిమాటికీ పడిపోయేది. పేర్లు రిజిస్టర్ చేసే కంపెనీ దగ్గర కూడా ఈ సౌకర్యం ఉంది. పేర్లన్నీ అక్కడికి మార్చి, మనది ఆపేద్దామన్నాను.

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతవ్? లొల్లి అయితే ఎవరు జవాబు చెప్తరు?" అన్నాడు ఓనరు.

"నేనే చెప్త, అన్నా."

చెప్పాల్సే వచ్చింది. అన్నీ మార్చేశాననుకుని ఒక సోమవారం పొద్దున నేమ్‌సర్వర్ ఆపాను. ఆ రోజంతా సైట్లు బాగానే తెరుచుకున్నాయి. మర్నాడు సైదాబాద్‌లోని ఒక బడి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది.

"పిల్లల రిజల్ట్ పెట్టినం. సైటే లేదని వస్తుంది. తల్లిదండ్రులు గేటు కాడ నిలబడ్డరు. ఏందమ్మా ఇది?"

వెతికితే ఆ బడి సైటు పేరును కంపెనీ దగ్గరికి మార్చనేలేదు. బయటి కంప్యూటర్లు పాత జవాబును ఒక రోజు దాచుకుంటాయి కాబట్టి ముందురోజు తప్పు బయటపడలేదు.

"తప్పు నాదే మేడమ్," అన్నాను. నేమ్‌సర్వర్‌ని మళ్ళీ నడిపించాను. గంటలో సైటు వచ్చింది.

"ఇగ వదిలెయ్," అన్నాడు ఓనరు. నేను వదల్లేదు. ఈసారి వచ్చే ప్రశ్నలన్నీ ఒక ఫైల్లో నమోదయ్యేలా చేసి, మా పేర్లలో ఇంకా వేటిని అడుగుతున్నారో రోజూ చూశాను. బడి కాక మరొకటి తేలింది. కార్వాన్‌లో జరీ వ్యాపారం చేసే పెద్దాయనది. కంపెనీ దగ్గరి పాస్‌వర్డ్ ఆయనకు గుర్తులేదు. రిజిస్ట్రేషన్ కాగితం లేనిదే మార్చేది లేదంది కంపెనీ.

బస్సెక్కి వెళ్ళాను. మొదటిరోజు దుకాణం మూసి ఉంది. రెండోసారి కాగితం దొరకలేదు. మూడోసారి ఆయన కుర్చీ జరిపి, "కూర్చో బేటా. నువ్వు ఇడిసిపెట్టేటట్టు లేవు," అన్నాడు. ఇద్దరం బీరువా అంతా దులిపితే పాత పెళ్ళిపత్రికల మధ్య దొరికింది.

ఆ రెండు పేర్లూ మార్చాక మూడు రోజులు ఆగాను. ఫైల్లో మా పేరు ఒక్కటీ కనబడలేదు. అప్పుడు నేమ్‌సర్వర్‌ని ఆపాను. సర్వర్ ఆగి మళ్ళీ మొదలైనా నేమ్‌సర్వర్ మాత్రం లేవకుండా చేసి, ఓనరు ముందే సర్వర్‌ని ఒకసారి ఆపి నడిపి చూపించాను. నేమ్‌సర్వర్ లేవలేదు.

ఆయన ఫోనందుకుని బడికి కలిపాడు. "మేడమ్, మీ సైటు వస్తుందా?"

వస్తోందన్నట్టుంది.

"ఏం లేదు, ఊకనే అడిగిన," అని పెట్టేసి, నాకు చాయ్ చెప్పాడు.