నడుముకు వేసిన టీకా

శ్రీశైలం చేతికి మొయినాబాదులో ఒక పేరుంది. ఆయన గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదంటారు. రోజూ ఆలూరు నుంచి స్కూటర్ మీద వచ్చి, మెయిన్ రోడ్డు పక్కనున్న చిన్న దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పంతొమ్మిదేళ్లుగా నెత్తురు తీస్తున్నాడు. నరం దొరకని ముసలివాళ్లను చేవెళ్ల నుంచి కూడా ఈయన దగ్గరికే తెస్తారు. మనిషికి ఉన్నది ఒక్కటే జబ్బు, ఎవరికీ కాదనలేడు. దాన్ని మంచితనమని ఊరంతా మెచ్చుకుంటుంది గానీ, మొహమాటం కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. అదీ తన ప్రాణం మీదికి కాదు, ఎదుటివాళ్ల ప్రాణం మీదికి.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు రెండో నంబరు గదిలోంచి "అయ్యో!" అని కేక వినబడింది. ముత్తమ్మ గొంతు. ఆమెది ముడిమ్యాల. దవాఖాన ఊడ్చి, తుడిచి, చెత్త ఎత్తే మనిషి. తెల్లారకముందే రెండు బర్రెల పాలు పిండి డెయిరీలో పోసి, ఎనిమిదికల్లా డ్యూటీలో ఉంటుంది. చెత్తసంచి మూతి కడుతుంటే, దూదిలో దాగిన సూది గ్లోవు చీల్చుకుని బొటనవేల్లో దిగింది. వాడిన సూదులకు వేరే డబ్బా ఉంది. ఏ మహానుభావుడు సంచిలో పారేశాడో, అడిగితే అందరూ "నేను కాదు" అనేవాళ్లే.

శ్రీశైలం ఆమె వేలును నల్లా కింద పెట్టి సబ్బుతో కడిగించాడు. కడిగిస్తున్నాడే గానీ చూపంతా రెండో గది తలుపు మీదే ఉంది. ఆ గదిలో ఉన్నది ఒక్కడే పేషెంటు. అతని నెత్తురు నిన్ననే తాను పరీక్ష చేశాడు. పరీక్ష పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి, అంటే రోగం ఉన్నట్టే. హెపటైటిస్ బి.

"గా పచ్చకామెర్లాయన సూదేనా తమ్మీ?" అంది ముత్తమ్మ.

"అవునక్కా."

"అయితె మా దిక్కు పసరు పోస్తరు. రేపు పరగడుపున పోయి తాగొస్త తియ్."

"పసరుతోని పోయేది కాదక్కా ఇది. జర కూసో."

డాక్టర్ మహేశ్వర్ వచ్చి ఆమె టీకా కార్డు చూశాడు. మూడేళ్ల కింద స్టాఫ్ అందరికీ హెపటైటిస్ బి టీకాలు వేశారు. కార్డులో మూడు తేదీలు, మూడింటి కిందా శ్రీశైలం సంతకం. "మూడు డోసులు పడ్డయి గద, ఇంక ఫికరెందుకు? ఇంటికి పొమ్మను" అని ఆయన ఓపీకి వెళ్లిపోయాడు. ముత్తమ్మ దేవునికి దండం పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది.

కార్డులో రాయని సంగతి ఒకటుంది.

ఆ టీకా చేతికే వేయాలి, భుజం కండలో. కానీ మొదటి డోసు నాడు ముత్తమ్మ రవిక రెక్క పైకి జరపనే లేదు. "చేతికొద్దు తమ్మీ. చెయ్యి గుంజితె పొద్దుగాల బర్లను ఎవరు పిండాలె? నీకు పున్నెముంటది, నడుముకు ఎయ్యి" అని బతిమాలింది. పూలు తెంపేవాళ్లు, కూరగాయలు కోసేవాళ్లు, పాలు పిండేవాళ్లు, ఇక్కడ రెక్కల మీద బతికే ఆడవాళ్లంతా అడిగేది అదే. ఈయన సరే అన్నాడు. మూడుసార్లూ నడుముకే. అక్కడ కొవ్వులో ఆగిపోతే ఈ టీకా సరిగ్గా పట్టదని ట్రైనింగులో చెప్పినప్పుడు, ఈయన ముందు వరుసలోనే కూర్చుని తలూపాడు!

నోరు మూసుకుంటే కార్డు నిండుగానే ఉంటుంది, ఎవరూ వేలెత్తి చూపరు. "ఏమో, పట్టే ఉంటది" అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఛీ, మనిషి మనసు ఎంత పిరికిది! కిటికీలోంచి చూస్తే ముత్తమ్మ రోడ్డు దాటి ఆటో ఎక్కి కూర్చుంది. ఇంకొక్క మనిషి కోసం డ్రైవరు "చేవెళ్ల, చేవెళ్ల" అని అరుస్తున్నాడు. రెండో గదిలోని మనిషి పచ్చటి కళ్లు శ్రీశైలానికి గుర్తుకొచ్చాయి.

గ్లోవులు కూడా తీయకుండా రోడ్డు మీదికి ఉరికాడు. "దిగక్కా! దిగు!"

"ఏమైంది? డాక్టరు పొమ్మన్నడు గద?"

"నెత్తురు జూడాలె. టీకా పట్టిందో లేదో అప్పుడే తెలుస్తది."

టీకా పట్టిన మనిషి నెత్తురులో ఆ రోగంతో కొట్లాడే యాంటీబాడీలుంటాయి. ల్యాబులో వాటిని కొలుస్తారు. అంకె పదికి తగ్గకూడదు. తగ్గిందా, యాంటీబాడీలే నింపిన మందు సిటీ నుంచి తెప్పించి, సూది గుచ్చుకున్న రోజు దాటకముందే వేయాలి. ఆలస్యమైన కొద్దీ దాని పని తగ్గుతుంది.

ముత్తమ్మ చెయ్యి చాపింది. పంతొమ్మిదేళ్లలో పేరు మోసిన ఆ చేయికి నరం దొరకలేదు! రెండోసారి గుచ్చి నెత్తురు తీశాడు. మెషీన్ నలభై నిమిషాలు తీసుకుంటుంది. ఆమె స్టూలు మీద కూర్చుని, "నాకేమన్నయితె గా మూగజీవాలను ఎవరు జూస్తరు తమ్మీ?" అని రెండుసార్లు అడిగింది. ఆయన గడియారం చూశాడే గానీ ఆమె ముఖం చూడలేదు.

అంకె వచ్చింది. మూడు పాయింట్ ఎనిమిది.

కాగితం తీసుకుని తిన్నగా డాక్టర్ ముందు నిలబడ్డాడు. వెనకాలే ముత్తమ్మ. జరిగిందంతా చెప్పాడు.

"నడుముకు ఎట్లేస్తవయ్యా? ఏం చేసుకోవాలె నీ పంతొమ్మిదేండ్ల సర్వీసు?" డాక్టర్ కుర్చీలోంచి లేచాడు.

"తప్పు నాదే సార్. తిట్లు తర్వాత తిట్టుండ్రి. ముందు మందు రాసియ్యుండ్రి, నేనే పోయి తెస్త."

ముత్తమ్మ మాత్రం తిట్టలేదు. "నేనంటె తెల్వక అడిగిన. నీకు తెలిసి ఎందుకేసినవ్ తమ్మీ?" అంది. డాక్టర్ తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. శ్రీశైలం మందు చీటీ అందుకుని బయటికి నడిచాడు.

మెహిదీపట్నం దాకా బండి మీద పోయి, ఐసు డబ్బాలో మందు పెట్టుకుని నాలుగింటికి తిరిగొచ్చాడు. మందు తొడకు వేశాడు. కొత్త టీకా మొదటి డోసు కుడిచేతికి. ఈసారి ముత్తమ్మ తనే రెక్క పైకి జరిపింది. స్టాఫులో నడుముకే టీకా వేయించుకున్న మిగతా నలుగురిని కూడా మర్నాడు పేరుపేరునా పిలిచి నెత్తురు తీశాడు.

అంతకంటే ముందు, ఆ తెల్లవారుజామున ముడిమ్యాలలో ముత్తమ్మ కొట్టం ముందు బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చెయ్యి నిజంగానే గుంజుతోంది. "నెత్తురు తీసినంత సులువు కాదు తమ్మీ" అని ఆమె అంటుండగానే బర్రె ఒక్క తన్ను తన్నింది, ఈయన పేడలో పడ్డాడు. ఆమె పకపక నవ్వింది. మళ్లీ లేచి కూర్చుని, ఎలాగో సగం బకెట్ పిండాడు.

ఆరు నెలలు గడిచాయి. రోగం అంటిందీ లేనిదీ తేల్చే ఆఖరి పరీక్ష రోజు ఇద్దరూ పట్టీ మీదికి వంగి చూశారు. ఒక గీత పడింది. పావుగంట చూసినా రెండోది రాలేదు.

"ఒక్కటే గద?" అంది ముత్తమ్మ.

"ఒక్కటే అక్కా" అని శ్రీశైలం అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ నడుముకు వేయమని ఎవరో ఒకరు బతిమాలుతూనే ఉంటారు. "చెయ్యి సాపు. రేపు బర్లను నేనొచ్చి పిండుత" అంటాడు. మాట వరసకు అనడం కాదు, అడ్రసు రాసుకుని పోతాడు.